మద్యంపై పన్ను: తాగుడు తగ్గించడానికా, ఖజానా నింపడానికా?

ఈ ప్రశ్నకు మన రాష్ట్ర చరిత్రలోనే జవాబుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్.టి.ఆర్. హయాంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఎక్సైజ్ రాబడి పడిపోయింది. లోటు పూడ్చుకునే చర్యల్లో భాగంగా 1996లో కిలో 2 రూపాయల బియ్యం 3.50 అయింది. సారాపై పోరాడిన పేద ఇళ్లే ఆ భారం మోశాయి. 1997లో ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. దొంగ రవాణాతో పాటు ఖజానా లోటూ అందుకు కారణం.

అలవాటు మాన్పించే పన్ను ఫలిస్తే రాబడి తగ్గాలి. ఆ తగ్గుదలకు బడ్జెట్‌లో ముందే ప్రత్యామ్నాయం చూపని ప్రభుత్వం, ఏ పేరు పెట్టినా, ఆ పన్నును రాబడి కోసమే వేస్తోంది. మెయిన్స్‌లో నా ముగింపు ఇదే.