నీటికాసులకు కాంతి వైద్యం



ఉన్నట్టుండి ఒక కన్ను ఎర్రబడుతుంది. భరించలేని నొప్పి, తలపోటు, వాంతులు. చూపు మసకబారి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. పైత్యమనో, పార్శ్వనొప్పి అనో తలకు గుడ్డ కట్టుకుని పడుకునేవారున్నారు. అది నీటికాసుల జబ్బులో ఉధృతమైన రకం కావచ్చు. డాక్టర్లు దాన్ని అక్యూట్ యాంగిల్ క్లోజర్ గ్లాకోమా అంటారు. నలభై దాటినవారిలో, అందులోనూ స్త్రీలలో, ఇది ఎక్కువ.

కంటిలోని రంగుపొర వెనుక ఎప్పుడూ నీరు ఊరుతుంటుంది. అది పొర నడుమ ఉన్న రంధ్రం గుండా ముందుకు వచ్చి, పొర అంచున ఉన్న మూలలోంచి బయటికి పోతుంది. నీరు వెనుకే చిక్కుకుంటే పొర ముందుకు ఉబ్బి ఆ మూలను మూసేస్తుంది. తూము మూసుకుపోయిన చెరువులా కంటిలో ఒత్తిడి పెరిగి, చూపునరం దెబ్బతింటుంది.

పందొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా దీనికి సరైన చికిత్స లేదు. రంగుపొరలో ఒక ముక్క కత్తిరించి తీస్తే ఒత్తిడి తగ్గుతుందని 1857లో బెర్లిన్ వైద్యుడు ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫే ప్రకటించాడు. కంటిని మొద్దుబరిచే కొకైన్ చుక్కలు 1884లో గాని రాలేదు. ఆ కోత ఎందుకు పనిచేస్తుందో మాత్రం చాలాకాలం స్పష్టం కాలేదు. చిక్కిన నీటికి దారి ఇస్తే చాలు, చిన్న రంధ్రమే సరిపోతుందని 1920లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ కరన్ చెప్పాడు. 1938లో ఆటో బార్కన్ ప్రత్యేకమైన లెన్సుతో ఆ మూలనే పరిశీలించి, మూల మూసుకునే రకాన్ని వేరుగా గుర్తించాడు.

ఇక కత్తి లేకుండా రంధ్రం చేయడమెలా? 1956లో జర్మనీకి చెందిన మేయర్ ష్వికెరాత్ తీవ్రమైన కాంతితో ప్రయత్నించాడు. 1960లో లేజర్ పుట్టింది. 1970లలో ఆర్గాన్ లేజర్, 1980లలో యాగ్ లేజర్ ఈ పనికి వచ్చాయి. యాగ్ లేజర్ ఒక్కో మెరుపు సెకనులో కోటో వంతు కన్నా తక్కువసేపే ఉంటుంది. చుక్కలు వేసి, కూర్చోబెట్టి, కొద్ది నిమిషాల్లో ముగిస్తారు.

అయితే ముందు మందులతో ఒత్తిడి దించాలి, లేజర్ ఆ తర్వాతే. రెండో కంటికీ అదే ముప్పు ఉంటుంది గనుక దానికీ రంధ్రం చేస్తారు. పోయిన చూపును మాత్రం ఏ లేజరూ తిరిగి తేలేదు.

మన సరిహద్దు ఊళ్లవారు పక్క రాష్ట్రపు ఆసుపత్రికి, మరో భాష మాట్లాడే డాక్టరు దగ్గరికి వెళ్లవలసి రావచ్చు. నొప్పి ఎప్పుడు మొదలైంది, వాంతులయ్యాయా, దీపం చుట్టూ వలయాలు కనిపించాయా అన్న మూడు సంగతులు ఏ భాషలోనైనా చెప్పండి. తెల్లవారేదాకా ఆగకండి.