ఇద్దరి పని, ఎవరి చూపు వారిది

ఒక కాలువపై రెండు లాకులు, ఒక్కొక్క లాకువద్ద ఒక కాపలాదారు ఉన్నారనుకొందము. దిగువ పొలములకు నీరందవలెను, గట్టు తెగరాదు. ఇద్దరి కోరికయు ఇదియే. కాని ప్రతివానికి తన యెదుటి నీరు మాత్రమే కనబడును. పని మొదలైన పిదప మాటాడుకొనుటకు వీలులేదు. కావున ఏమి చూచినపుడు ఏమి చేయవలెనో ముందుగనే ఏర్పాటు చేసికొనవలెను. ఉత్తమమైన ఏర్పాటును కనుగొనుట ఎంత కష్టము?

ఆర్థికశాస్త్రవేత్త జేకబ్ మార్షాక్ 1955లో ఇట్టి జట్ల సిద్ధాంతమునకు పునాది వేసెను. ఒకరి చర్య మరియొకరు చూచుదానిని మార్చని సందర్భమును 1962లో రాయ్ రాడ్నర్ పరిశీలించెను. నష్టమును వర్గముతో కొలిచి, అనిశ్చితికి గాస్ విభజనము వర్తించునపుడు, సులభమైన రేఖీయ నియమములే ఉత్తమములని చూపెను.

1968లో హాన్స్ విట్సెన్‌హౌసెన్ ఈ సౌలభ్యమునకు హద్దు చూపెను. ఆయన ఉదాహరణములో ఉన్నది ఇద్దరే. కాని మొదటివాని చర్య రెండవవాడు చూచుదానిని మార్చును. అనగా చర్యయే సంకేతము కూడ అగును. అచట రేఖీయము కాని నియమమే మేలని తేలెను. ఆ సమస్యను విడివిడి సంఖ్యలలోనికి మార్చినచో అది కఠినములని పేరొందిన ‘ఎన్.పి. సంపూర్ణ’ సమస్యలలో చేరునని క్రిస్టోస్ పాపడిమిట్రియు, జాన్ సిట్సిక్లిస్ 1986లో నిరూపించిరి.

కాపలాదారుల లెక్కనే చూడుడు. నీరు ఎక్కువా, తక్కువా అని దినమునకొకసారి చూచి, తలుపు ఎత్తుటో దించుటో నిర్ణయించవలెను. ఒక్క దినమునకు ఇద్దరికి కలిపి 16 ఏర్పాట్లు సాధ్యము. గతమును గుర్తుంచుకొని నిర్ణయించినచో రెండు దినములకు 4,096. మూడు దినములకు 26,84,35,456. నాల్గవ దినమునకు ఆ సంఖ్యలో 19 అంకెలుండును!

ఒక్కొక్కటిగా పరీక్షింపక దగ్గరిదారి ఏదైన కలదా? 2000లో డేనియల్ బెర్న్‌స్టైన్, ష్లోమో జిల్బర్‌స్టైన్, నీల్ ఇమ్మర్‌మన్ దీనికి జవాబిచ్చిరి. సభ్యులు ఇద్దరే అయినను, ఇట్టి సమస్యలన్నిటిని సమస్య పరిమాణమునకు తగినంత మితకాలములో సాధించు పద్ధతి ఏదియు ఉండజాలదు. యంత్రముల వేగము పెరిగినను ఈ ఫలితము మారదు.

అందువలన రోబోట్ల జట్లను నడుపువారు తరచుగా ఉత్తమమును వదలి, చాలినంత మంచి ఏర్పాటుతో తృప్తిపడుదురు. ఇచట విరోధము లేదు, స్వార్థము లేదు. ఉన్నది ఒకరు చూచినది మరియొకరికి తెలియకపోవుట మాత్రమే. చూచినదంతయు వెంటనే తెలుపుకొనగలిగినచో, ఇద్దరి సమస్య ఒక్కని సమస్యగా మారును. సదుద్దేశమునకు తోడు సమాచారము కూడ కావలెనని ఈ గణితము బోధించుచున్నది.