అంగి మీద పోర్చుగీసు ఇల్లు

పోర్చుగీసు భాషలో ‘కాజ’ అంటే ఇల్లు. అంగికి గుండీ పట్టే కంతను కూడా వాళ్లు ఆ మాటతోనే పిలుస్తారు. గుండీ ఉండేది అందులోనే కదా! నకిరేకల్ బజార్లో దర్జీ “కాజాలు కుట్టుడు అయిపోలే, రేపు రా” అన్నప్పుడు ఆయన నోట పలికేది ఆ ఇల్లే. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి ఏ అంగి చూసినా నా కన్ను ముందు కాజాల మీదికే పోతోంది.

ఈ మాటకు చుట్టాలు చాలామందే ఉన్నారు. బొత్తాం, ఇస్త్రీ, మేస్త్రీ, తువాలు అన్నీ పోర్చుగీసు ఓడల్లో దిగినవే. తాపేశ్వరం కాజాకు మాత్రం వీటితో చుట్టరికం లేదు. అది ఉత్తరాది ఖాజా మిఠాయి వంశం.

గుండీలు మొహెంజొదారో నాటికే ఉన్నాయి. అయితే ఆ గవ్వ గుండీలు ఎక్కువగా సింగారానికే. ఐరోపాలో కాజా 13వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చాకే బట్ట ఒంటికి అతుక్కునేట్టు కుట్టడం సాగింది. మన దగ్గర అంగరఖాకు కట్టుతాళ్లు, కుర్తాకు గుడ్డతో ముడేసిన ఘుండీ, దాన్ని పట్టే దారపు ఉచ్చు. ఆ ఘుండీయే ఉర్దూ వెంట వచ్చి తెలంగాణలో గుండీ అయింది.

ఇక కాజా వచ్చిన దారి గోవా. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి చిక్కి, 1961 దాకా, అంటే 451 ఏళ్లు, వాళ్ల కిందే ఉంది. అన్ని తరాల పాటు పక్కపక్కన బతికిన చోట మాటలు చేతులు మారకుండా ఎట్లా ఉంటాయి? కాజ కొంకణి, మరాఠీ, హిందీల్లో ‘కాజ్’ అయింది, మనకు కాజా అయింది. ఇట్లా ఆసియా భాషల్లో కలిసిపోయిన పోర్చుగీసు మాటలను ఏరి 1913లో పుస్తకంగా తెచ్చిన సెబాస్టియావ్ రొడాల్ఫో దల్గాదో గోవాలో పుట్టిన పాద్రీయే. మరి ఆ మాట నకిరేకల్ దాకా ఎట్లా వచ్చి ఉంటుంది? గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారం బందరు. ఆ బందరు నుంచి హైదరాబాదు పోయే నేటి జాతీయ రహదారి మీదే నకిరేకల్ ఉంది.

గుండీ నేల దారిన వచ్చింది, కాజా నీటి దారిన వచ్చింది. రెండూ మన అంగి మీద కలిశాయి.

చేతి కాజాకు ముందు బట్ట కోసి, అంచు వెంట సూదికి దారం చుట్టి, ఒక్కో ముడిని పక్కపక్కనే బిగించాలి. అంగి కాజాలు కుట్టే మిషన్ ముందు కుట్టేసి ఆనక కోస్తుంది, పని క్షణాల్లో ముగుస్తుంది. అయితే దాని దారం ఒక్కచోట తెగితే పక్క కుట్లు కూడా ఊడొచ్చు. చేతి ముడి అంత తేలిగ్గా విడిపోదు. రెడీమేడ్ బట్టలు వచ్చి మనం పోగొట్టుకున్నది ఈ ముడినే. బట్టలు కుట్టే మేరోళ్ల ఇళ్లల్లో పిల్లలు తొలుత నేర్చిన పని కాజా కుట్టడమే, ఆ చదువూ దాంతోనే పోతోంది.

మీ ఊళ్లో చేత్తో కాజాలు కుట్టే దర్జీ ఇంకా ఉంటే, ఈ దసరాకు ఒక్క అంగి అయినా ఆయనతోనే కుట్టించుకోండి. కాజాల కూలి బేరమాడకుండా ఇవ్వండి.