విడిచిన బట్టకు విలువెంత?



ఈవేళ మనం బీరువా గురించి మాట్లాడుకుందాం. నగలు దాచుకునే అర గురించి కాదు, తలుపు తియ్యగానే మీద పడేటట్లు చీరలు కుక్కి పెట్టుకునే అర గురించి. అంత నిండుగా ఉన్నా పేరంటానికి బయలుదేరే పూట, "కట్టుకుందామంటే ఒక్కటీ లేదు" అంటాం. పోనీ కొత్తది కొందామా అంటే, మంచి గద్వాల చీర ధర వింటే ఆ నెల సరుకుల చీటీ కళ్లముందు మెదులుతుంది. తక్కువ ఖర్చులో పదిమందిలో తీరుగా కనిపించాలంటే ఒక దారి లేకపోలేదు. ఒకరు కట్టి పక్కన పెట్టిన మంచి బట్టను చూసి, ఎంచి, ధర కట్టి తెచ్చుకోవడం. ఈ మాట అనగానే చాలామంది మొహం చిట్లిస్తారు. "ఛీ, ఒకరు విడిచిన బట్టా!" అంటారు.

ఆ "ఛీ" అనే మాట మనకు ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త వెతుకుదాం. ఎందుకంటే విడిచిన బట్ట ఎప్పుడూ అవమానమే కాదు. ఒకప్పుడు అదే అన్నిటికంటే పెద్ద గౌరవం.

మొగలాయి దర్బారులో, గోలకొండలో, తరువాత మన ఆసఫ్‌జాహీల హైదరాబాదులో "ఖిలత్" అని ఒక మర్యాద ఉండేది. ప్రభువు మెచ్చినవాళ్లకు బట్టలు పెట్టడం అన్నమాట. ఇది అరబ్బీ మాట. ఒంటిమీది నుంచి తీయడం అనే అర్థం నుంచి పుట్టింది. అంటే ఖిలత్ అంటేనే విడిచిన బట్ట! రాజు తాను తొడిగిన అంగీ తీసి ఇస్తే దానికి మించిన సన్మానం లేదు. పోను పోను కొత్తబట్టలే ఇచ్చేవారు గాని, రాజు ఒంటిని తాకిన బట్టకున్న విలువ వేరు.

1616లో ఒక తమాషా జరిగింది. ఇంగ్లండు రాజు పంపిన రాయబారి సర్ థామస్ రో అప్పుడు అజ్మీరులో జహంగీరు దర్బారులో ఉన్నాడు. దక్కను మీదికి దండయాత్రకు బయలుదేరుతున్న రాకుమారుడు ఖుర్రం, అదే తరువాతి షాజహాను, తాను ఒకటి రెండుసార్లు తొడిగిన జరీ అంగవస్త్రం తెప్పించి ఈ దొర భుజాలమీద కప్పించాడు. దర్బారులో ఉన్నవాళ్లకు అది మహాభాగ్యం. దొరగారికి మాత్రం మనసొప్పలేదు. ఇష్టం లేకుండానే సలాము చేశానని తన దినచర్యలో రాసుకున్నాడు. చూశారా? బట్ట ఒక్కటే. ఒకరికి సన్మానం, ఇంకొకరికి చిన్నతనం. తేడా నూలులోనూ లేదు, జరీలోనూ లేదు, చూసే కంట్లో ఉంది.

మన హైదరాబాదు నవాబుల ఇంట్లోనే ఇంకో విచిత్రం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తొడిగిన బట్ట మళ్లీ తొడగడని చెప్పుకునేవారు. పురానీ హవేలీలో ఆయన బట్టల అలమరా ఒక పెద్ద వసారా అంత పొడుగు, రెండంతస్తులు. పై అంతస్తుకు ఎక్కడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉంది. 2000లో అక్కడ నిజాం మ్యూజియం తెరిచిన తరువాత మనబోటివాళ్లం కూడా వెళ్లి చూడగలుగుతున్నాం. ఇక ఆయన కొడుకు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్. 1937 ఫిబ్రవరిలో అమెరికా పత్రిక టైమ్ ఆయన బొమ్మను అట్టమీద వేసి, లోకంలో అందరికంటే ధనవంతుడని రాసింది. అదే ఏడు మా బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. అంత ధనవంతుడూ మాసిపోయిన పాత టోపీతో, అతుకుల షేర్వాణీతో తిరిగేవాడని హైదరాబాదులో కథలుగా చెప్పుకునేవారు. తండ్రి దర్జాకు ఎంత పేరో కొడుకు పొదుపుకు అంత పేరు. కోట్లున్న మనిషి పాతబట్ట తొడిగితే "ఎంత నిరాడంబరం" అంటారు. చెరకు కోతకు వచ్చిన కూలీ తొడిగితే "పాపం" అంటారు. బట్ట మాత్రం రెండుచోట్లా పాతదే.

రాజుల సంగతి అలా ఉంచి మన ఇళ్లకు వద్దాం. పుట్టిన బిడ్డకు మొదట చుట్టేది ఏ బట్ట? కొత్తది కాదు గదా! ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన తాతగారి ధోవతో, అమ్మమ్మ నేత చీరో. పెద్దల ఆయుష్షు బిడ్డకు వస్తుందని ఒక నమ్మకం, గంజి గరుకు లేత ఒంటికి తగలదని ఒక తెలివి. ఆ చీరే ఉయ్యాల అవుతుంది. ఇంకా పాతబడితే నాలుగు మడతలు వేసి, దూరదూరంగా కుట్టు వేసి, బొంత కుడతారు. మా నిజామాబాదు పక్కనే మహారాష్ట్ర. అక్కడ దీన్ని గోధడీ అంటారు. కన్నడ దేశంలో కౌది. బెంగాలులో ఇదే పనికి నగిషీ చేర్చి కాంథా అన్నారు. ఈనాడు పెద్ద దుకాణాల్లో కాంథా పనికి ఎంత గిరాకీయో మీకు తెలియనిది కాదు. దాని పుట్టుక మాత్రం ఇంటి ఆడవాళ్లు పాత చీరల అంచుల నుంచి లాగిన దారంతోనే.

మరి ఇంట్లో లేని సిగ్గు వీధిలోకి రాగానే ఎందుకు? ఒక కారణం మడి మైల పట్టింపు. దానికంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. మన ఊళ్లల్లో విడిచిన బట్ట ఎప్పుడూ పైనుంచి కిందికే పోయింది. దొరసాని కట్టి విడిచింది పనిమనిషికి. పండక్కి చాకలికి ఒక పాత చీర, జీతగానికి ఒక పాత పంచె. పుచ్చుకునే చెయ్యి కింద, ఇచ్చే చెయ్యి పైన. అందుకే పాతబట్ట కట్టడమంటే "నేను కిందిదాన్ని" అని ఒప్పుకోవడమయింది. సిగ్గు అక్కడ పుట్టింది. బట్టలో కాదు, ఆ ఇచ్చిపుచ్చుకునే తీరులో.

ఈ సంగతిమీద మన దేశంలో ఒకసారి పెద్ద చర్చే నడిచింది. 1921 జూలై 31న బొంబాయి పరేలులో గాంధీగారు విదేశీ బట్టల కుప్పకు నిప్పు పెట్టించారు. రవీంద్రనాథ టాగోరు, ఆండ్రూస్ వంటి మిత్రులకు అది నచ్చలేదు. కట్టుకోను గుడ్డలేని జనం ఇంతమంది ఉండగా బట్టలు తగలెయ్యడమేమిటి, వాళ్లకే ఇవ్వవచ్చును గదా అని వాదన. గాంధీగారు ఇచ్చిన జవాబు సారాంశం ఇది: పేదవాడికి నేను విడిచిన బట్ట వేసి అవమానించను, వాడికి కావలసింది పని. ఇస్తే నాకున్న వాటిలో మంచిదే ఇస్తాను. ఆ సెప్టెంబరులోనే మదురైలో ఆయన తన చొక్కా, పొడుగు పంచె వదిలేసి కొల్లాయి కట్టారు. తగలబెట్టడం సబబా కాదా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. కాని "విడిచిన బట్ట దానం" అనే మాటలో ఉన్న ముల్లును ఆయన పట్టుకున్నంతగా ఇంకొకరు పట్టుకోలేదు.

ఇరవై ఏళ్లు తిరగకుండా, ఏ ఇంగ్లండు దొర షాజహాను బట్టకు మొహం చిట్లించాడో ఆ ఇంగ్లండుకే పాతబట్ట దిక్కయింది. యుద్ధకాలంలో, 1941 జూన్‌లో అక్కడ బట్టలకు కూపన్లు పెట్టారు. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు. ఒక కోటు, ఒక జత బూట్లు కొంటే అందులో మూడోవంతు హరీ! ఉన్నవాటినే అతికి కుట్టుకోండని సర్కారే చిన్న పుస్తకం అచ్చువేసి పంచింది. పెద్దింటి ఆడవాళ్లు కూడా భర్తల కోట్లు విప్పి తమకు కుట్టుకున్నారు. అతుకు వేసుకోవడం దేశభక్తి అయింది. ఆ కూపన్లు 1949 దాకా నడిచాయి. ఆ రోజుల్లోనే, 1948లో, ఆక్స్‌ఫర్డు పట్టణంలో ఆక్స్‌ఫాం అనే ధర్మసంస్థ తన దుకాణం తెరిచింది. జనం ఇచ్చిన పాత వస్తువులు అమ్మి, ఆ డబ్బు కష్టంలో ఉన్నవాళ్లకు పంపడం దాని పని. ఇది మనసులో పెట్టుకోదగ్గ మార్పు. అక్కడ పాతబట్టను ఎవరూ చెయ్యి చాచి తీసుకోరు. డబ్బిచ్చి కొంటారు. ధర చెల్లించిన చెయ్యి కిందిది కాదు గదా!

మన వీధుల్లోనూ ఇలాంటి వ్యాపారం ఎప్పటి నుంచో ఉంది. 1960లు, 70లలో మన వంటిళ్లలోకి స్టీలు సామాను వచ్చినప్పుడు, దానితోపాటే తలమీద గంపతో పాతబట్టలకు గిన్నెలిచ్చే ఆడవాళ్లూ వచ్చారు. నాలుగు పాంట్లకు ఒక డబ్బా, రెండు చీరలకు ఒక పళ్లెం. గుమ్మంలో ఆ బేరం ఎంత రంజుగా సాగేదో మీకు జ్ఞాపకమే. మనం గిన్నె చూసి మురిసిపోయేవాళ్లం. బట్ట ఎక్కడికి పోతోందని అడగలేదు. ఢిల్లీలో ఈ పని గుజరాతు నుంచి వచ్చిన వాఘ్రీలది. అక్కడి రఘువీర్ నగర్‌లో తెల్లవారకముందే వాళ్ల సంత జరుగుతుంది. వచ్చిన బట్టను ఉతికి, అతికి, ఇస్త్రీ చేసి మళ్లీ అమ్ముతారు. కట్టడానికి పనికిరాని ఉన్నిబట్టలు పానిపట్టు చేరి, చీలికలై, మళ్లీ దారమై, చవక కంబళ్లుగా తిరిగి వస్తాయి. మనం చెత్త అనుకున్నదానిలో ఇన్ని చేతులకు అన్నం ఉంది.

మా బాల్కొండ, ఆర్మూరు, మోర్తాడు వైపు ఇంకో దారి తెరుచుకుంది. 1970ల నుంచి మా ఊళ్ల మగవాళ్లు దుబాయి, మస్కటు, కువైటు పోవడం మొదలుపెట్టారు. సెలవుకు వచ్చినప్పుడు పెట్టె విప్పితే నలగని జార్జెట్ చీరలు, సెంటు వాసన చొక్కాలు. వాటిని అక్కకు ఒకటి, వదినకు ఒకటి పంచేవారు. అక్క కట్టిన చీర పెళ్లికి చెల్లెలు కట్టేది, చెల్లెలిది ఆడబిడ్డ అడిగి తీసుకునేది. ఒక్క పెట్టె పది ఇళ్ల పెళ్లిళ్లకు వచ్చేది. బీడీలు చుట్టుకుని బతికే ఇంటి పిల్ల కూడా ఆ రోజు దొరసానిలా నడిచేది. ఎవరూ దాన్ని "విడిచిన బట్ట" అనలేదు. ఎందుకంటే అది సమానుల మధ్య తిరిగింది.

ఈ కిటుకును పట్టుకున్న సంస్థ ఒకటి 1999లో ఢిల్లీలో పుట్టింది. పేరు గూంజ్. దాన్ని ప్రారంభించిన అంశు గుప్తాకు 2015లో మెగసెసే బహుమతి వచ్చింది. పట్నాల్లో పోగుచేసిన బట్టలు పల్లెలకు పంపుతారు గాని ఊరికే పంచరు. ఊరివాళ్లు తమకు కావలసిన పని, అంటే బావి తవ్వుకోవడమో, దారి వేసుకోవడమో చేసుకుంటే, ఆ పనికి బహుమానంగా బట్టలిస్తారు. గాంధీగారి ప్రశ్నకు ఇది ఒక జవాబు అనిపిస్తుంది నాకు.

సరే, చరిత్ర విన్నాం. ఇక బీరువా నింపుకునే సంగతి. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు ఉంది, ఇప్పుడు ఫోనుల్లో కూడా ఒకసారి కట్టిన చీరలు అమ్ముతున్నారు. ఎక్కడ కొన్నా నాలుగు సంగతులు చూడండి. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టండి. పట్టు ముందుగా చిట్లేది మడతల దగ్గరే. జాకెట్టయితే చంకలు, లోపలి కుట్టులో విప్పుకోడానికి మిగిలిన గుడ్డ చూడండి. నూలుబట్టను వేడినీళ్లలో ఉడకబెట్టి ఎండలో ఆరెయ్యండి. పట్టును ఉడకబెట్టకండి, కుంకుడు రసంతో చల్లనీళ్లలో జాడించి నీడపట్టున ఆరెయ్యండి. వాడుకలో లేని రోజుల్లో అప్పుడప్పుడు మడత మార్చండి.

గద్వాల చీరకు నూలు ఒళ్లు వేరు, పట్టు అంచు వేరు. ఒళ్లు చిరిగినా అంచు చెక్కుచెదరదు. ఆ అంచు విప్పి సాదా చీరకు వేస్తే కొత్తచీరే. పెద్ద పట్టుచీరలో అమ్మాయికి లంగా, ఓణీకి అంచు, జాకెట్టు మూడూ వస్తాయి. నడుము దగ్గర రెండు మడతలు లోపలికి కుట్టి ఉంచితే పిల్ల ఎదిగినకొద్దీ విప్పుకోవచ్చు. కొనేటప్పుడు సాదా రంగువి నాలుగు ఎంచుకుని, జాకెట్లు మార్చుకుంటూ పోతే పదహారు చీరలున్నట్టే.

అమ్మేటప్పుడు కూడా జాగ్రత్త. "పాత పట్టుచీరలు, జరీ కొంటాం" అనే కేక విని తొందరపడకండి. అసలు జరీలో ఉండేది వెండి. గీకితే లోపల ఎర్ర పట్టుదారం కనబడితే అది మేలిరకమని కొనేవాళ్లకు తెలుసు, మనకూ తెలియాలి. ముందు ఆ రోజు వెండి ధర కనుక్కుని తరువాత బేరానికి కూర్చోండి. మీ అమ్మగారి పెళ్లిచీర విలువ మీకంటే గుమ్మంలో నిలబడ్డవాడికే ఎక్కువ తెలిస్తే ఎట్లా?

చివరిగా ఒక మాట. ఇచ్చేటప్పుడు చిరుగులు ఇవ్వకండి, గుండీలు కుట్టి, ఉతికి, మడతపెట్టి ఇవ్వండి. వీలయితే ఎంతో కొంత ధర తీసుకునే ఇవ్వండి, తీసుకున్నవాళ్లు తల ఎత్తి కట్టుకుంటారు. కొనేటప్పుడు దాచుకోకండి. "ఎక్కడ కొన్నావు వదినా, ఎంత బాగుంది!" అని ఎవరైనా అడిగితే ఉన్నమాట చెప్పండి. షాజహాను కట్టి విడిచినదానికి దర్బారంతా మురిసింది. మనబోటి ఇల్లాలు కట్టి, ఉతికి, భద్రంగా దాచిన చీరకు మనమెందుకు తల దించుకోవాలి?