మామా, మీ దగ్గర అబొరిజినల్స్ ఎవరు?

మా అక్క కొడుకు మెల్‌బోర్న్‌లో ఇయర్ టెన్ చదువుతున్నాడు. అంటే మన పదో క్లాసు. పోయిన నెల ఫోన్ చేసి, హిస్టరీ అసైన్‌మెంట్ కోసం సాయం కావాలన్నాడు. టాపిక్ ఏంట్రా అంటే, అబొరిజినల్ జనాల స్వయం నిర్ణయాధికారం అట. వాడి సిలబస్‌లో 1967 రిఫరెండం ఉంది, 1992 నాటి మాబో తీర్పు ఉంది, తల్లిదండ్రుల నుంచి లాగేసుకుపోయిన పిల్లల గురించి వచ్చిన నివేదిక ఉంది, 2008లో ప్రధాని పార్లమెంటులో చెప్పిన క్షమాపణ ఉంది. 2023లో అబొరిజినల్ ప్రజలకు రాజ్యాంగంలో ఒక సలహా సంఘం ఇద్దామా అని ఓటింగ్ పెడితే జనం వద్దన్నారన్న సంగతి కూడా క్లాసులో మాట్లాడుకున్నారట. ఇవన్నీ గడగడా చెప్పేసి, చివర్లో అడిగాడు. "ఇంకో దేశంతో పోల్చి రాయమన్నారు మామా. మీ దగ్గర అబొరిజినల్స్ ఎవరు? వాళ్ళ గవర్నమెంట్ ఎలా ఉంటుంది?"

రేపు చెప్తాలేరా అని ఫోన్ పెట్టేశాను. డిబగ్గింగ్ చేసేవాడికి ఇది బాగా అలవాటైన సమాధానమే :)

నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. నేను చదివింది పాతబస్తీలో, శాలిబండ దాటాక ఒక తెలుగు మీడియం హైస్కూల్లో. సివిక్స్‌లో స్థానిక స్వపరిపాలన అని ఒక పాఠం. గ్రామ పంచాయతీ, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు... ఐదు మార్కుల ప్రశ్న గ్యారంటీ. రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు అనేది ఒకటుందనీ, మన రాష్ట్రంలోనే కొన్ని ప్రాంతాలకు వేరే నియమాలుంటాయనీ ఎవరూ చెప్పినట్టు గుర్తులేదు. హిస్టరీలో మాత్రం కొమరం భీం పేరు వచ్చింది. మా సారు ఒక్క వాక్యంలో తేల్చేశారు: నిజాం మీద తిరగబడ్డ వీరుడు. రాసుకోండి.

పాతబస్తీ స్కూల్లో ఆ వాక్యం ఎలా పనిచేస్తుందో వేరే ఊరివాళ్ళకి తెలీదు. క్లాసులో సగంమంది వెనక్కి తిరిగి చివరి బెంచీ వైపు చూశారు. అక్కడ నా దోస్తు ఒకడు, చార్మినార్ వెనకాల గాజుల దుకాణం వాళ్ళబ్బాయి, తల దించుకుని నోట్సులో గీతలు గీసుకుంటున్నాడు. వాడికీ నిజాంకీ చుట్టరికం ఏమిటో ఇప్పటికీ నాకర్థం కాదు. ఆదిలాబాద్ అడవుల్లో భూమి కోసం జరిగిన పోరాటం మా క్లాసురూముకి వచ్చేసరికి హిందూ ముస్లిం తగాదా అయిపోయింది. అందుకే మేనల్లుడికి రాసిపెట్టడానికి కూర్చున్నప్పుడు మొదట ఆ ముడి విప్పుకోవాల్సి వచ్చింది.

గోండులు ఒకప్పుడు రాజ్యాలేలినవాళ్ళు. చాందా (ఇప్పటి చంద్రాపూర్) కేంద్రంగా ఉన్న వాళ్ళ రాజ్యం 18వ శతాబ్దం నడుమ నాగపూర్ భోంస్లేల చేతుల్లోకి పోయింది. అప్పుడు లాక్కున్నది మరాఠాలు. 1857 తర్వాత నిర్మల్ వైపు రాంజీ గోండు తిరగబడ్డప్పుడు ఆయనతో భుజం కలిపినవాళ్ళు రోహిల్లాలు, అంటే ముస్లింలు. ఇద్దరినీ కలిపి అణిచింది బ్రిటిషు, నిజాం సైన్యాలు. మా సారి వాక్యం ఇక్కడికే రెండుసార్లు ఫెయిలైపోయింది.

భీం సంగతి. 1901లో ఆసిఫాబాద్ దగ్గర సంకెపల్లిలో పుట్టాడని చెబుతారు. అప్పటికే అడవిని రిజర్వు చేసి, పోడు చేసుకునేవాణ్ణి దొంగ కింద లెక్కకట్టడం మొదలైంది. రైలొచ్చింది, రోడ్లొచ్చాయి, వాటి వెంబడి మైదానం నుంచి రైతులూ సాహుకార్లూ వచ్చారు. తరతరాలుగా గోండు దున్నుకుంటున్న చేను పట్వారీ కాగితంలో ఇంకొకడి పేరు మీద పట్టా అయ్యేది. ఆ వచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు, మరాఠీవాళ్ళున్నారు, ముస్లింలున్నారు. గోండుకి వాళ్ళంతా ఒకటే, బయటివాళ్ళు. బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేలు మాకొదిలెయ్యండి, మా పాలన మేం చేసుకుంటాం అన్నది భీం అడిగిన విషయం. ఈ పన్నెండు ఊళ్ళ ముక్క ముఖ్యం. జల్ జంగల్ జమీన్ అని మనం టీషర్టుల మీద వేసుకుంటాంగానీ, దాని వెనక ఉన్నది పక్కా పాలనాపరమైన డిమాండు. మేనల్లుడి అసైన్‌మెంట్లో సెల్ఫ్ డిటర్మినేషన్ అన్నమాటకి ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు. 1940లో జోడేఘాట్ గుట్టమీద పోలీసులు భీంనీ, ఆయన అనుచరుల్నీ కాల్చి చంపారు. (2022లో వచ్చిన సినిమా చూసి భీం ఢిల్లీ వెళ్ళాడనుకునే పిల్లలు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. ఆయన పోరాడింది దొరసానితో కాదర్రా అని చెప్పేసరికి నా పనైపోయింది.)

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యమనిపించింది ఆ తర్వాతి కథ. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అని ఆస్ట్రియా మనిషి, మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిషు వాళ్ళ లెక్కలో శత్రుదేశస్తుడు. మామూలుగా అయితే క్యాంపులో వెయ్యాలి. నిజాం రాజ్యం పొలిమేరలు దాటకుండా ఉండమని వదిలేశారు. ఆయన భార్య బెట్టీతో కలిసి నల్లమలలో చెంచుల దగ్గరికీ, గోదావరి పక్క కొండరెడ్ల దగ్గరికీ, ఆపైన గోండుల దగ్గరికీ వెళ్ళి మకాం పెట్టాడు. భీం ఎందుకు తిరగబడ్డాడో నిజాం ప్రభుత్వానికి నివేదికలు రాసిచ్చాడు. 1945లో అవి పుస్తకంగా వచ్చాయి, అచ్చేసింది నిజాం రెవెన్యూ శాఖే! తమ పోలీసులు చంపిన మనిషి వైపు కూడా న్యాయం ఉందని ఒప్పుకున్నట్టే కదా అది. అలాగని నిజాం మంచివాడైపోయాడని కాదు నేననేది. మళ్ళీ గొడవ లేస్తుందన్న భయమూ ఉండే ఉంటుంది. కానీ లక్ష ఎకరాలకు పైనే గిరిజనుల పేర పట్టాలయ్యాయి. చంపింది, పట్టాలిచ్చింది ఒకే సర్కారు. ఐదు మార్కుల జవాబులో ఈ రెండూ పట్టవు.

ఆ రోజుల్లోనే, 1943లో, మార్లవాయి అనే గోండు గూడెంలో టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టారు. గోండు కుర్రాళ్ళనే పంతుళ్ళుగా తయారుచేసి, గోండీలోనే వాచకాలు రాయించారు, నాగరి లిపిలో. హైదరాబాదు రాజ్యం పోయాక ఆ గోండీ చదువు మూలపడింది. తర్వాత పిల్లలకి తెలుగు వచ్చింది. మనకి సొంత భాషే, వాళ్ళకి ఇంకో పరాయి భాష. బెట్టీ 1987లో హైదరాబాదులో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. తర్వాత్తర్వాత ఆయన అస్థికలు కూడా అక్కడికే చేరాయి.

మేనల్లుడి రెండో ప్రశ్న, వాళ్ళ గవర్నమెంట్ ఎలా ఉంటుందని. గూడేనికి ఒక పట్ల (పటేలు అనుకోవచ్చు), పూజలకు దేవారి, తగవులకి పెద్దల పంచ్. కొన్ని గూడేలకు కలిపి రాయి సెంటర్, దానికి పెద్ద సార్‌మేడి. పెళ్ళి తగాదాలు, భూమి సరిహద్దులు అక్కడే తేలుస్తారు, పోలీస్ స్టేషన్ దాకా పోనివ్వరు. ఇక కేస్లాపూర్ నాగోబా జాతర. పుష్య అమావాస్యకి మెస్రం వంశం వాళ్ళు కాలినడకన వెళ్ళి గోదావరి నీళ్ళు తెచ్చి దేవుడికి అభిషేకం చేస్తారు. ఆ జాతరలో దర్బారు జరుగుతుంది. అధికారులు గోండుల దగ్గరికే వచ్చి అర్జీలు తీసుకోవాలి. 1940ల్లో హైమన్‌డార్ఫ్ పెట్టించిన ఆనవాయితీ అది. నిజాం పోయాడు, హైదరాబాద్ స్టేట్ పోయింది, ఆంధ్రప్రదేశ్ చీలిపోయింది, దర్బారు మాత్రం నడుస్తూనే ఉంది.

చట్టాలు చెప్పుకుంటే పోతే చాలా ఉన్నాయి, రెండే చెప్తా. 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని 1963లో తెలంగాణకి వర్తింపజేశారు. 1970లో వాటికి పదును పెట్టారు. మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటామే, అదే. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుడి చేతిలో కనిపిస్తే అది గిరిజనుడి నుంచే వచ్చిందని మొదట అనుకోవాలి, కాదని నిరూపించుకోవాల్సింది గిరిజనేతరుడే. కాగితం మీద చాలా గట్టి చట్టం. కాగితానికీ నేలకీ మధ్య ఎంత దూరమంటే, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం మీటింగుకి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. అంతకు చాలా ఎక్కువమంది పోయారని అక్కడివాళ్ళంటారు. అప్పుడు నిజాం లేడు, తెలుగువాళ్ళ ప్రభుత్వమే. కేస్లాపూర్‌కి ఇంద్రవెల్లి పక్కనే.

రెండోది 1996 నాటి పెసా. గ్రామసభకి అధికారమిచ్చే చట్టం. భీం పన్నెండు గూడేలకు అడిగినదానికి కాస్త దగ్గరగా వచ్చింది ఇదేననిపిస్తుంది. మన దగ్గర దాన్ని అమలుచేసే రూల్సు రావడానికి 2011 అయ్యింది. పదిహేనేళ్ళు! మా ఆఫీసులో ఒక రిలీజు పదిహేను రోజులు లేటైతేనే వంద మెయిళ్ళు తిరుగుతాయి.

ఇక్కడ పాతబస్తీ మళ్ళీ వస్తుంది. మా స్కూలు నుంచి మదీనా మీదుగా నయాపూల్ దాకా నడిస్తే మూసీ ఒడ్డున హైకోర్టు, 1920లో తెరిచిన ఎర్రటి భవనం. స్కూలు ఎగ్గొట్టి దాని ముందు చెరుకురసం తాగేవాళ్ళం. విశాఖ మన్యంలో గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసు ముందు ఈ హైకోర్టుకే వచ్చింది, ఇక్కడ కొట్టేశారు. 1997లో సుప్రీంకోర్టు తిరగరాసింది: షెడ్యూల్డ్ ఏరియాలో భూమిని గిరిజనేతర కంపెనీలకి ప్రభుత్వం కూడా లీజుకివ్వడానికి వీల్లేదు. ఇంకో కేసులో సరిగ్గా రివర్సు. ఏజెన్సీ స్కూళ్ళలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో నంబరు 3 ఇచ్చారు. మార్లవాయి ఆలోచనే, అరవై ఏళ్ళ తర్వాత. హైకోర్టు సరేనంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదని కొట్టేసింది. మైదానం నుంచి వచ్చే టీచరుకి గోండీ రాదు, ఒకటో క్లాసు పిల్లకి తెలుగు రాదు. ఆ గదిలో ఏం జరుగుతుందో తీర్పులో లెక్కకి వచ్చినట్టు నాకు కనిపించలేదు. నాకు కోపమొచ్చిన చోటు అదే.

అన్నట్టు గోండీకి లిపి లేదన్నది తప్పు. నార్నూర్ దగ్గర గుంజాల అనే ఊళ్ళో గోండీ రాతప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. ఫాంటు దించుకుని మేనల్లుడి పేరు ఆ అక్షరాల్లో రాసి పంపాను.

వాడు అసైన్‌మెంట్ సబ్మిట్ చేసేశాడు. మాబో పక్కన భీం, మెల్‌బోర్న్ టీచరమ్మకి కొత్తగా ఉండుంటుంది. నా గాజుల దుకాణం దోస్తుకి కూడా ఫోన్ చేసి రాంజీ గోండు, రోహిల్లాల సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సారు అప్పుడు చెప్పుంటే బాగుండేది కదరా" అన్నాడు.

పుష్య అమావాస్య ఎక్కువగా జనవరిలోనే వస్తుంది. మేనల్లుడికి అప్పుడు ఎండాకాలం సెలవులు. కేస్లాపూర్‌కి కారులో ముగ్గురం వెళ్దామనుకుంటున్నాం.