పన్నెండు డిగ్రీల పంచాయితీ

చంద్రుడిలో సూర్యుడి వైపున్న సగమే వెలుగుతుందని ఆర్యభటుడు 499 ప్రాంతంలోనే చెప్పాడు. ఆ వెలుగులో మనకెంత కనబడితే అంత కళ. నక్షత్రాలకూ ఇదే సూత్రం అంటగట్టాడు, అదొక్కటి తప్పింది.

ఆ కళను తేల్చేది సూర్యచంద్రుల మధ్య కోణం. పంచాంగకర్తల వృత్తి అంతా ఈ కోణం మీదే నిలిచింది. అమావాస్యనాడు సూర్యుణ్ని కలిసిన చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు జరిగితే పాడ్యమి పూర్తి. మరో 12కి విదియ. లెక్క సులువే, చిక్కల్లా చంద్రుడి నడకతో. భూమికి దగ్గరగా వస్తే వడివడిగా, దూరమైతే నింపాదిగా పోతాడు. అందుకే ఒక తిథి సుమారు 20 గంటలకే ముగిస్తే, ఇంకొకటి 26 దాటుతుంది. రెండు సూర్యోదయాల మధ్యే వచ్చిపోయేది క్షయ తిథి.

పాత సిద్ధాంత గ్రంథాల లెక్క పట్టే పూర్వపద్ధతి వారికీ, ఆకాశంలో కనబడే స్థానాలతో సరిచూసుకునే దృగ్గణితం వారికీ తిథి ముగిసే వేళల్లో తేడా. దాంతో ఒక్కోసారి ఒకే ఊళ్లో పండగ రెండు రోజులు జరుగుతుంది. సిద్ధాంతుల వాదన మూడోనాడూ సాగుతుంది.