శాట్‌ని టెస్ట్ చేసేదెవరు?

2011కి ముందు జీఆర్‌ఈ రాసినవాళ్ళకి బారన్స్ పుస్తకంలోని మాటల పట్టిక గుర్తుండే వుంటుంది. నాలుగేళ్ళ ఇంజనీరింగ్ కంటే ఆ మాటల వ్యతిరేక పదాలు బట్టీ కొట్టడమే ఎక్కువ కష్టం అనుకున్నవాళ్ళు మనలో బోలెడుమంది. ఆ వ్యతిరేక పదాలూ, అనాలజీలూ ఈమధ్య పుట్టినవి కావు. జీఆర్‌ఈకి అక్క వరసయ్యే శాట్‌లో, 1926లో జరిగిన మొట్టమొదటి పరీక్షలోనే, రెండూ వున్నాయి.

మనం కోడ్ రాస్తాం, దానికి టెస్ట్ కేసులు రాస్తాం. మరి లక్షలమంది పిల్లల కాలేజీ సీట్లు తేల్చే టెస్ట్ సరిగ్గా వుందో లేదో ఎవరు టెస్ట్ చేస్తారు? ఎలా చేస్తారు? ఈ ప్రశ్నకి శాట్ చరిత్ర అంత మంచి ఉదాహరణ ఇంకోటి లేదు.

పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా అమెరికాలో ఏ కాలేజీ ప్రవేశ పరీక్ష దానిదే. ఈ గోల తగ్గించడానికి 1900లో కాలేజ్ బోర్డ్ పుట్టింది. 1901 జూన్‌లో మొదటి ఉమ్మడి పరీక్ష 973 మంది రాశారు. అన్నీ వ్యాసాలే. దిద్దేవాడిని బట్టి మార్కులు మారతాయన్న చిక్కు మొదటినుంచీ వుంది.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలోకి వచ్చినవాళ్ళలో ఎవరిని ఎక్కడ పెట్టాలో తేల్చడానికి రాబర్ట్ యెర్క్స్ అనే సైకాలజిస్టు బృందం తెలివితేటల పరీక్షలు తయారుచేసింది. 17 లక్షల మందికి పైగా రాశారు. అందులో ఒక ప్రశ్న చూడండి: క్రిస్కో అనేది మందా, క్రిమిసంహారకమా, టూత్ పేస్టా, తినే వస్తువా? క్రిస్కో అంటే మన డాల్డా లాంటి వంటనూనె సరుకు. నిన్నగాక మొన్న ఓడ దిగిన ఇటలీ రైతుకి అది తెలియకపోతే తెలివి తక్కువ అన్నమాట!

ఆ లెక్కలన్నీ ముందేసుకుని ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ కార్ల్ బ్రిగమ్ 1923లో ఒక పుస్తకం రాశాడు. ఉత్తర యూరప్ జాతివాళ్ళు తెలివైనవాళ్ళనీ, కొత్తగా వస్తున్న వలసల వల్ల అమెరికా తెలివి పడిపోతోందనీ దాని సారాంశం. మరుసటి ఏడు వలసల కోటా చట్టం వచ్చింది. దాన్ని సమర్థించినవాళ్ళు ఇలాంటి వాదనలే చేశారు. ఆసియావాళ్ళకైతే ఆ చట్టం తలుపులు దాదాపుగా మూసేసింది. అవి బాగా తెరుచుకున్నది 1965లోనే.

కాలేజ్ బోర్డ్ తన కొత్త పరీక్ష తయారుచేసే పని అప్పగించింది ఈ బ్రిగమ్ నడిపిన కమిటీకే. 1926 జూన్ 23న మొదటి శాట్ జరిగింది. 97 నిమిషాల్లో 315 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 18 సెకన్లు! ఎనిమిది వేల పైచిలుకు మంది రాశారు.

అసలు మలుపు ఇక్కడ. 1930లో అదే బ్రిగమ్ తన జాతుల పోలికకి పునాదే లేదని అచ్చులో ఒప్పుకున్నాడు. మార్కులో తెలివి ఒక్కటే కాదు, చదివిన బడి, పెరిగిన ఇల్లు, ఇంగ్లీషుతో పరిచయం అన్నీ కలిసి వుంటాయన్నాడు. 1930లలో పరీక్షల సంస్థలన్నిటినీ కలిపి ఒకటే పెద్ద సంస్థ పెడదామన్న ప్రతిపాదన వస్తే గట్టిగా అడ్డుపడ్డాడు. పరీక్షని అమ్ముకునే సంస్థ ఆ పరీక్షని నిలదీసే పరిశోధన చెయ్యదని అతని భయం. 1943లో అతను పోయాడు. 1947 డిసెంబర్‌లో ఈటీఎస్ పుట్టింది.

అలాగని ఈటీఎస్ వాళ్ళు ఏదో గాలివాటంగా ప్రశ్నలు వేశారనుకుంటే పొరపాటే. వాళ్ళ పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. రాసిన ప్రశ్న ముందు నిపుణుల సమీక్షకి వెళ్తుంది. తర్వాత అసలు పరీక్షలోనే, మార్కులు లెక్కలోకి రాని ప్రశ్నగా, పిల్లల మీద ప్రయోగిస్తారు (2023కి ముందు జీఆర్‌ఈ రాసినవాళ్ళకి ఈ 'ఎక్స్‌పెరిమెంటల్ సెక్షన్' అనుభవమే). ఎంతమంది సరిగ్గా చేశారు? మొత్తమ్మీద మంచి మార్కులొచ్చినవాళ్ళు దీన్ని ఎక్కువగా సరిగ్గా చేశారా? తెలివైనవాళ్ళు తప్పు చేసి మిగతావాళ్ళు ఒప్పు చేస్తే ప్రశ్నలోనే ఏదో లోపం వున్నట్టు. 1980ల చివరికి ఇంకో వడపోత కలిసింది. మొత్తం మార్కులు సమానంగా వున్న తెల్ల, నల్ల పిల్లల్ని, అబ్బాయిల్ని, అమ్మాయిల్ని పోల్చి, ఏ ఒక్క ప్రశ్నలోనైనా ఒక వర్గం వింతగా వెనకబడుతోందా అని చూడటం. పడవ పందాల మాట 'రెగట్టా' జవాబుగా వున్న అనాలజీ ఇలాంటి చర్చల్లో పేరుమోసింది. పడవ పందాలు చూడని పిల్లాడికి ఆ మాట తెలిసేదెలా?

అన్నిటికంటే నాకు నచ్చింది ఈక్వేటింగ్. మొదట్లో ఏ పరీక్షకి ఆ పరీక్షే సగటు 500గా లెక్కేసేవారు. తెలివైన గుంపుతో కలిసి రాసినవాడికి అన్యాయం. అందుకని 1941 ఏప్రిల్‌లో రాసిన పది వేల మందిని కొలబద్దగా పెట్టుకుని, తర్వాతి పరీక్షలని పాత పరీక్షలతో ఉమ్మడి ప్రశ్నల ద్వారా ముడిపెడుతూ వచ్చారు. పాత ఏపీఐ పగలకుండా కొత్త వెర్షన్లు విడుదల చెయ్యడం లాంటిదే. 1990ల మొదటికి వెర్బల్ సగటు 420ల్లోకి జారింది. 1995లో కొలబద్దనే జరిపి సగటుని మళ్ళీ 500 చేశారు.

ఇంత వడపోత వున్నాక తప్పు జరుగుతుందా? జరిగింది. 1980 అక్టోబర్‌లో ఎనిమిది లక్షల మందికి పైగా రాసిన పీశాట్‌లో ఒక ప్రశ్న. చదరపు అడుగు మీద నాలుగు సమబాహు త్రిభుజాలున్న పిరమిడ్ ఒకటి, నాలుగూ అవే త్రిభుజాలున్న చిన్న పిరమిడ్ ఇంకొకటి. త్రిభుజానికి త్రిభుజం ఆనించి అతికిస్తే బయటికి ఎన్ని ముఖాలు కనిపిస్తాయి? ఐదు, నాలుగు తొమ్మిది, అతికినవి రెండు పోగా ఏడు. ఈటీఎస్ జవాబూ అదే. ఫ్లోరిడాలో 17 ఏళ్ళ కుర్రాడు కాగితంతో చేసి చూశాడు. రెండు చోట్ల పక్కపక్క ముఖాలు ఒకే తలంలోకి వచ్చి కలిసిపోతాయి. సరైన జవాబు ఐదు! రెండు లక్షలమందికి పైగా పిల్లల మార్కులు పెంచాల్సి వచ్చింది.

గణాంకాల వడపోత దీన్ని ఎందుకు పట్టుకోలేదు? మంచి మార్కుల పిల్లలు కూడా ఏడే అన్నారు కాబట్టి. గణాంకం నిజాన్ని చూడదు, ఏకాభిప్రాయాన్ని చూస్తుంది. ఎక్స్‌పెక్టెడ్ అవుట్‌పుట్టే తప్పయితే టెస్ట్ పచ్చగానే కనిపిస్తుంది, మనకి తెలియనిదా! 1982లో చిన్న వృత్తం పెద్ద వృత్తం చుట్టూ దొర్లే ప్రశ్నకి ఇచ్చిన ఐదు జవాబుల్లో ఒక్కటీ సరైనది కాదు. రాసిన మూడు లక్షల మందిలో ముగ్గురు ఆ సంగతి ఉత్తరం రాశారు.

గమనించాల్సింది ఏమిటంటే, పరీక్షయ్యాక ప్రశ్నలు, జవాబులు బయటపెట్టాలని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది 1979లో. పరీక్షల సంస్థలు దాన్ని గట్టిగా వ్యతిరేకించాయి. ప్రశ్నలు బయటికి రాకపోతే ఆ కుర్రాడి చేతిలో కాగితం పిరమిడ్ వుండేదే కాదు.

ఇక అసలు ప్రశ్న, ఈ మార్కు దేన్ని కొలుస్తుంది? దీన్నే వాలిడిటీ అంటారు. కాలేజీ మొదటి ఏడు గ్రేడ్లతో శాట్ కోరిలేషన్ సుమారుగా 0.3 నుంచి 0.5 మధ్య చెబుతారు. హైస్కూల్ గ్రేడ్లదీ ఇంచుమించు అంతే, రెండూ కలిపితే మెరుగు. ఈ అంకెలో ఒక మెలిక వుంది. సీటు రానివాళ్ళ గ్రేడ్లు మనకి తెలియవు. కోడింగ్ రౌండ్‌లో వడపోసి తీసుకున్నవాళ్ళలోనే ఆ మార్కుకీ అప్రైజల్ రేటింగ్‌కీ సంబంధం వెతికితే తక్కువే కనిపిస్తుంది కదా, అలా. అందుకే ఒకే రకం లెక్కలు చూసి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2020లో శాట్‌ని వదిలేయాలని నిర్ణయిస్తే, ఎంఐటీ 2022లో మళ్ళీ తప్పనిసరి చేసింది. అంకె చెప్పేది కొంతే. ఎవరికి సీటివ్వడం న్యాయం అన్నది అంకె చెప్పదు.

మన సంగతి? కీ విడుదల చేసి అభ్యంతరాలు తీసుకోవడం జేఈఈలోనూ, ఎంసెట్‌లోనూ (ఇప్పుడు ఈఏపీసెట్) వుంది. అమెరికాలో చట్టం చేస్తే గాని రానిది మనకి మామూలు వ్యవహారం. ఇది మన గొప్పే. కానీ జేఈఈ మెయిన్ 2019 నుంచి షిఫ్టుల మధ్య తేడాని పర్సంటైల్‌తో సరిచేస్తోంది. అంటే ప్రతి షిఫ్టులోనూ ఒకే స్థాయి పిల్లలున్నారని నమ్మడం. పిల్లల్ని యాదృచ్ఛికంగా పంచితే అది దాదాపు నిజమే కావచ్చు. నిజమో కాదో చూపించే లెక్కలు బయటపెట్టమనే నా గొడవంతా. అమెరికావాళ్ళు 1941లో వదిలేసిన ఊహ మీద మనం ర్యాంకులు ఇస్తున్నప్పుడు, ఆ మాత్రం అడిగే హక్కు రాత్రింబవళ్ళు చదివిన పిల్లలకీ, ఫీజులు కట్టిన తల్లిదండ్రులకీ వుంది. బ్రిగమ్ భయం అదే, తయారుచేసినవాడే తీర్పరి కాకూడదని.